సహపంక్తి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల గురించి ఈ ధారావాహికలో ఇంతవరకూ చెప్పుకున్నది ఎక్కువగా బడుల సంగతీ సభల సంగతీ. 1928లో మాడపాటి హనుమంతరావు ఆడపిల్లల కోసం తెలుగులో చదువు చెప్పడానికి నిలబెట్టిన పాఠశాల, 1940లో వచ్చిన కేశవ్ మెమోరియల్, నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ. ఈ పేటలకు చదువుల పేటలన్న పేరు తెచ్చినవి ఇవే కాబట్టి చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడితో కలం ఆపేస్తారు. కానీ చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు పోతే, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను అనే ప్రార్థనా స్థలం ఉంది. 1950లో మొదలైంది. దాన్ని నెలకొల్పిన భక్తసింగ్ 2000 సెప్టెంబర్ 17న కన్నుమూస్తే నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆ అంతిమయాత్రకు వేలమంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఏ గ్రంథాలయ చరిత్రలోనూ, ఏ సాహిత్య సభ కరపత్రంలోనూ పేరు కనబడని మనుషులు. అంతమందిని ఒకచోటికి చేర్చిన శక్తి ఏమిటో, అది ఈ నగరాన్ని ఏ మేరకు మార్చిందో, ఎక్కడ మార్చలేక ఆగిపోయిందో చూడకుండా ఈ పేటల చరిత్ర పూర్తి కాదు. హెబ్రోను గడప దాకా రావాలంటే ముందు ఒంగోలు మీదుగా రావాలి. కాస్త చుట్టుదారే, అయినా తప్పదు.

అంతకన్నా ముందు ఒక పాత తగాదా తేల్చుకోవాలి. దేవుడి దయ ఉచితంగా దొరికేదే అయితే, మనిషి చేయవలసింది ఏమన్నా మిగిలి ఉంటుందా? ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే ఎదురైంది కాదు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే వైష్ణవ కుటుంబాల పెద్దలకు బాగా తెలిసిన వాదమే. పిల్లి తన కూనను నోట కరుచుకుపోయినట్టు దేవుడే మోసుకుపోతాడని ఒక శాఖ, కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకున్నట్టు భక్తుడూ పట్టుకోవాలని ఇంకో శాఖ శతాబ్దాలపాటు వాదించుకున్నాయి. క్రైస్తవంలో ఇదే వాదం పౌలు, యాకోబుల లేఖల మధ్య మొదలై లూథర్ కాలంలో ఐరోపాను రెండుగా చీల్చింది. 1937లో జర్మనీలో డీట్రిష్ బోన్‌హోఫర్, ఖరీదు చెల్లించని కృప చర్చిని చంపేస్తోందని ఒక పుస్తకమే రాశాడు. నమ్మకం, విధేయత రెండూ ఒకటి లేకుండా ఇంకొకటి బతకవన్నది అతని వాదం. 1945లో నాజీలు అతన్ని ఉరితీశారు. కృపను చరిత్రకారుడు కొలవలేడు. అది మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న లెక్క. విధేయత మాత్రం ఊళ్లో కనబడుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగారు, ఆదివారం కామందు పొలానికి ఎవరు పోలేదు, చచ్చిన గొడ్డును ఈడ్చడానికి ఎవరు రాలేదు. ఇవన్నీ తగాదాలు పెట్టిస్తాయి, తగాదాలు రికార్డులకెక్కుతాయి. తొలి క్రైస్తవుల్లో ఈ విషయం మీద రికార్డుకెక్కిన పెద్ద గొడవ కూడా భోజనం దగ్గరే వచ్చింది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. కృప అందరికీ ఒకటే అని బోధించి పంక్తి వేరు చేస్తే ఆ బోధ అబద్ధమవుతుందన్నది పౌలు వాదంలోని సారం. తెలుగు నేల మీద చర్చి సమాజాన్ని కదిలించినప్పుడల్లా దాని బోధ కన్నా దాని పంక్తే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. పంక్తి తప్పిన చోట ఎంత గొప్ప బోధ ఉన్నా ఏమీ కదలలేదు.

మొదటి సాక్ష్యం ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో కుటుంబంతో ఒంగోలు చేరాడు. మిషన్ పెట్టిన బడికి మొదట వచ్చింది బ్రాహ్మణ, కోమటి పిల్లలు. మిషనరీలకు అది గొప్ప విజయంగానే తోచింది. పై కులాలను పట్టుకుంటే తక్కినవాళ్లు వాళ్ల వెనకే వస్తారన్నది అప్పటి మిషన్లలో చాలామంది లెక్క. అంతలో, బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య అనే తాళ్లకొండపాడు మాదిగ పెద్ద తన వాళ్లను తీసుకురావడం మొదలుపెట్టాడు. పేరయ్య అప్పటికే యోగ సంప్రదాయంలో గురువు దగ్గర సాధన చేసినవాడు, చేతికింద శిష్యులున్నవాడు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను పంపబోమని పై కులాలవాళ్లు కబురు చేశారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఒకే భాగం కనబడిందని క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. లోకం లెక్కచేయని వాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఆ అద్భుతాన్ని నమ్మాలో లేదో పాఠకుల ఇష్టం. చరిత్రకు కావలసింది దాని తర్వాత జరిగినది. మిషన్ మాదిగలను వదులుకోలేదు, పై కులాల పిల్లలు బడి మానేశారు, దాంతో పరపతీ పోయింది. కృప గురించి ప్రసంగాలు అంతకుముందూ ఉన్నాయి. ఒంగోలులో కొత్తగా జరిగింది ఆ నష్టాన్ని ఒప్పుకోవడం.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఇవి మామూలు మతాచారాల్లాగే ఉంటాయి. 1870ల నాటి పల్లెలో మాదిగకు ఒక్కొక్కటీ ఒక్కో తిరుగుబాటు. ఆదివారం పనికి రానంటే వెట్టి వ్యవస్థలో వారానికి ఒక రోజు తెగిపోతుంది. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరికి చేయవలసిన కుల చాకిరీ ఆగిపోతుంది. అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పండగ నిలిచిపోతుంది. ఊరంతా ఒక్కటై బావి దగ్గరికి రానివ్వకపోవడం, దారి మూయడం, దొంగ కేసులు పెట్టడం జరిగాయి. అంటే విధేయతకు ధర పడింది, ఆ ధర కట్టింది మిషన్ బంగళా కాదు, గూడెం. మతాన్నీ సంఘ సంస్కరణనూ రెండు అరల్లో పెట్టే అలవాటు మనకుంది. అక్కడ ఆ రెండింటి మధ్యా గీత గీయడం కుదరదు. ఆదివారం సెలవు కోరడం భక్తే, కూలి హక్కూ అదే. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. క్లౌ జ్ఞాపకాలను 1914లో పుస్తకంగా తెచ్చింది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అమెరికాలో సామాజిక సువార్త సిద్ధాంతానికి పేరుపొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సొంత అక్క. అన్యాయపు ఆర్థిక వ్యవస్థను మార్చడం కూడా సువార్తలో భాగమేనని తమ్ముడు 1907లో రాస్తే అమెరికా మేధావులు ఉలిక్కిపడ్డారు. అక్క అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1899లో, మాదిగల జీవితం మీద ఒక పుస్తకం వేసింది. సిద్ధాంతం న్యూయార్క్ నుంచి ఒంగోలుకు వచ్చిందని ఊహించుకునేవాళ్లు ఈ తేదీలు చూసుకోవాలి.

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం కూటి కోసం మతం మారారన్నది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 1876-78 కరువులో లక్షలమంది చచ్చిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తవ్వకం దగ్గర కూలీలకు మేస్త్రీలుగా ఉన్నది తెలుగు ప్రసంగీకులే. పలుగూ పారా పట్టిన చోటే ప్రార్థన కూడా. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇస్తానంటే ఎన్ని వేలమంది వచ్చేవారో ఊహించడం కష్టం కాదు. క్లౌ చేసింది దానికి పూర్తి విరుద్ధం. కరువు సాయం నడిచినన్నాళ్లూ, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయింది, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పి పంపాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ. ఆశ అసలు లేనే లేదనడం కూడా అబద్ధమే. ఆకలి రోజుల్లో ఎవరు పక్కన నిలబడ్డారో మనిషి మరిచిపోడు, మరిచిపోనక్కర్లేదు కూడా. అయితే పిడికెడు గింజలకు అమ్ముడుపోయినవాడు గింజలు ఆగాక ఆదివారం పని మాని కామందు చేత దెబ్బలు తినడు. ఈ సంగతి తర్వాతి కాలంలో గాంధీజీతో జరిగిన వాదంలోనూ తిరిగి వచ్చింది. 1930లలో సామూహిక మతమార్పిళ్లను గాంధీజీ గట్టిగా వ్యతిరేకించారు. హరిజనులు మతం లోతు తెలుసుకుని మారుతున్నారని ఆయన నమ్మలేదు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఒప్పుకోలేదు. తనకు మంచి ఏదో ఎంచుకునే తెలివి పేదవాడికి లేదనడం, ఎంత ప్రేమతో అన్నా, పేదవాణ్ణి చిన్నచూపు చూడటమేనని నాకూ అనిపిస్తుంది.

అజరయ్య పేరు వచ్చింది కాబట్టి రెండో అభ్యంతరం, పరాయి పెత్తనం సంగతి. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో కూర్చుని పని చేశాడు. తమిళుడు, తెలుగు నేర్చుకున్నవాడు. అతను 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి తెల్లవాళ్లను సూటిగా అడిగింది డబ్బు కాదు, త్యాగమూ కాదు, స్నేహం. కృపను బోధించడానికి సముద్రం దాటి వచ్చినవాళ్లే దేశీయ సహోద్యోగిని సమానంగా కూర్చోబెట్టలేకపోతున్నారన్నది అతని బాధ. అంటే అంతియొకయ తగాదా బంగళా వరండాలో మళ్లీ నడిచింది. కాబట్టి ఈ అభ్యంతరంలో నిజముంది. మిషన్ల వెనక సామ్రాజ్యం ఉంది, కలెక్టరుతో పరిచయముంది, దొరగారన్న పిలుపుంది. కానీ తెలుగు నేల మీద ఈ ఉద్యమాన్ని మోసినవాళ్ల పేర్లు చూస్తే దొరలు పిడికెడుమందే. పేరయ్య లాంటి గూడెం గురువులు, ఊరూరూ నడిచిన బైబిల్ స్త్రీలు, పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి ఇప్పటికీ చర్చిల్లో పాడే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రి కట్టింది. దానికి డబ్బిచ్చింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందువు. రోగిని ఊరవతలికి తోసేసే కాలంలో ఒక హిందూ దాత, ఒక క్రైస్తవ డాక్టర్ కలిసి ఆ రోగికి మంచం వేశారు. దీన్ని మతమార్పిడి ఖాతాలో రాయలేం, సామ్రాజ్యం ఖాతాలోనూ రాయలేం.

ఇప్పుడు ముషీరాబాద్‌కు వద్దాం. భక్తసింగ్ మిషన్ మనిషి కాడు, అసలు తెలుగువాడే కాడు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 1926లో ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్లి, అక్కడి నుంచి కెనడా చేరి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయిలో దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చి, నీ నమ్మకం నీ దగ్గరే ఉంచుకో, బయటికి చెప్పకు, కుటుంబం పరువు దక్కుతుందన్నారట. అతను ఒప్పుకోలేదు. ఇంటికి పోవడానికి దారి మూసుకుపోయింది. జీతమిచ్చే మిషన్ లేదు, విదేశీ సంస్థ లేదు. 1941లో మద్రాసులో తొలి సహవాసం, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను. కాలం గమనించండి. పోలీసు చర్య జరిగి రెండేళ్లయింది. నిజాం పాలన పోయి కొత్త రాజ్యం వస్తోంది. అజామాబాద్ కర్మాగారాలకు, రైల్వేకు, ఆసుపత్రులకు, తర్వాత 1956లో రాజధాని అయ్యాక సచివాలయానికి పల్లెల నుంచి జనం వస్తున్నారు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, ఖమ్మం, మెదక్ పల్లెల్లో తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాల పిల్లలు నగరంలో అద్దె గది వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో ఉన్నారు. అద్దె గది దగ్గర అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

హెబ్రోనులో వాళ్లకు ఎదురైన పద్ధతి చర్చి భవనాల్లో చూసినది కాదు. చెప్పులు గుమ్మం బయట. లోపల బెంచీలు లేవు, చాపలు. ఒక పక్క మగవాళ్లు, ఇంకో పక్క తలమీద కొంగు వేసుకున్న ఆడవాళ్లు. గుమాస్తా, డాక్టరు, కూలి మనిషి ఒకే నేల మీద మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఆరాధన గంటలకొద్దీ సాగుతుంది. ఆత్మ ప్రేరేపించిన ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు, కాబట్టి ముందు వరసలో ఉన్నవాడికి ప్రత్యేక హక్కేమీ లేదు. అయ్యగారూ అమ్మగారూ అనే పిలుపులు పక్కకు పోయి బ్రదర్, సిస్టర్ మిగిలాయి. రొట్టె విరవడం అయ్యాక అందరినీ అక్కడే వరసల్లో కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తారు. దాన్ని ప్రేమవిందు అంటారు. పరిశుద్ధ సమావేశాల రోజుల్లో వేలమందికి పూట పూటకూ అదే అన్నం, అదే కూర, అదే చాప. చందాల కోసం విజ్ఞప్తులు ఉండవు. అక్కరలు దేవుడికి చెప్పుకుని ఊరుకోవాలన్నది భక్తసింగ్ పట్టుదల. అతని మాటలను హిందీ, ఇంగ్లిషుల్లోంచి తెలుగులోకి చెప్పే దుబాసీ పక్కన నిలబడేవాడు. ఇందులో వేదాంతపరంగా కొత్త సిద్ధాంతం ఏమీ లేదు. ఏ బాప్టిస్టు పాస్టరూ కాదనే సంగతులు కావు. కొత్తగా ఉన్నది ఆ పంక్తి. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, పక్కవాడు ఏ గూడెం వాడు అని అడగకుండా తినాలంటే కులం ఇంట్లో వదిలేసి రావాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిలో కలగన్న సమాజానికి, గాంధేయవాదులు ఏడాదికోసారి ఫొటో కోసం చేసిన సహపంక్తి భోజనానికి మధ్య ఎక్కడో, ప్రతి ఆదివారం ఎవరూ ఫొటో తీయకుండా జరిగిన పని ఇది.

వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. హెబ్రోను ఆసుపత్రి కట్టలేదు, వెట్టి మీద పోరాడలేదు, ఎన్నికల మాటెత్తలేదు. పరలోకం వైపు చూస్తూ కూర్చున్నవాళ్లను సంఘ సంస్కర్తల జాబితాలో ఎలా రాస్తారు? ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, ఇసామియా బజార్‌లో బడి తెరిచాడు, 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించి ఆది ఆంధ్రులన్న పేరును నిలబెట్టాడు, జోగిని ఆచారం మీద పోరాడాడు. మతం మారకుండానే ఇదంతా చేశాడు. నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు చదువు తెచ్చింది మాడపాటి, చర్చి కాదు. ఈ అభ్యంతరంలో సగం ఒప్పుకోవాలి. సంస్కరణ చర్చి సొత్తు కాదు. అలా చెప్పుకునే చర్చి చరిత్రలు స్వోత్కర్షే. భక్తసింగ్ సహవాసాలు సమాజాన్ని ఎదిరించే బదులు దాని నుంచి తప్పుకున్న సందర్భాలూ చాలా. ఒప్పుకోని సగం ఏమిటంటే, బడీ చట్టమూ మనిషికి హక్కు ఇవ్వగలవు గానీ పక్కన కూర్చునే మనిషిని ఇవ్వలేవు. భాగ్యరెడ్డి వర్మకు కూడా ఈ సంగతి తెలుసు కాబట్టే పేరూ నడవడీ పండగలూ మార్చుకోవాలని అంతగా పట్టుబట్టాడు. వారం వారం ఒకే చాప మీద కూర్చుని తిన్న మనిషికి తాను తక్కువవాణ్ణి కాదన్న సంగతి ఉపన్యాసం వినకుండానే ఒంటికి పడుతుంది. ఆ ధైర్యంతో ఆఫీసులో తలెత్తి మాట్లాడిన కొడుకులూ, నర్సింగు చదివిన కూతుళ్లూ ఏ ఉద్యమ చరిత్రలోనూ కనబడకపోవచ్చు.

అసలైన ఎదురుదెబ్బ బయటి నుంచి వచ్చేది కాదు, లోపలి నుంచి వచ్చేదే. కృపను ఒప్పుకుని విధేయతను వాయిదా వేసిన చర్చి చరిత్ర, పైన చెప్పిన చరిత్ర కన్నా పొడుగ్గానే ఉంటుంది. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టి క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. అంటరానితనం హిందూ సమాజంలో ఎంత చూశాడో చర్చి నీడలోనూ అంతే చూశాడు. గబ్బిలాన్ని 1941లో శివుడి దగ్గరికి రాయబారం పంపిన కవి, క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. క్రీస్తును వదులుకోకుండానే చర్చిని నిలదీయవచ్చని చూపించినవాడు ఆయన. మాల చర్చి, మాదిగ చర్చి అని వేరుగా నిలబడ్డ గుడులు తెలుగు జిల్లాల్లో కోకొల్లలు. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు తమ పేరు చివరి తోకను భద్రంగా దాచుకున్నారు. పత్రికల్లో పెళ్లి ప్రకటనలు చూస్తే క్రైస్తవుడన్న మాట పక్కనే ఉపకులం అచ్చవుతుంది. ఆదివారం ఒకే రొట్టె, సోమవారం సంబంధం వేరు. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందుగా తినేసి పేదవాళ్లు వచ్చేసరికి పాత్రలు ఖాళీ చేస్తుంటే, మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలించాడు. ఆ మందలింపు తెలుగు చర్చిల్లో ప్రతి నెలా చదువుతారు, బల్ల ఎత్తగానే మరిచిపోతారు. కాబట్టి నా వాదనకు ఇది అడ్డు రాదు, దాన్ని ఇంకో వైపు నుంచి బలపరుస్తుంది. పంక్తి పెళ్లిపందిరి దాకా వెళ్లలేదు, మార్పూ అక్కడే ఆగింది. 1985లో కారంచేడులో మాదిగలను ఊచకోత కోస్తే బతికిన కుటుంబాలు తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలో. ఆ తలుపు తెరిచి ఉండటం పెద్ద విషయమే. అయితే అక్కడి నుంచి పోరాటాన్ని నడిపింది చర్చి నాయకత్వం కాదు, కత్తి పద్మారావు లాంటి దళిత నాయకులు.

హెబ్రోను మొదలైన 1950లోనే, ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. హిందువు కానివాణ్ణి షెడ్యూల్డ్ కులం వాడిగా లెక్కించరాదని దాని మూడో పేరా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇప్పటికీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లూ వాళ్ల పిల్లలూ బీసీ-సీ కింద వస్తారు. వాళ్ల వాటా 1 శాతం, ఎస్సీల వాటా 15 శాతం. అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ రెండంకెల మధ్య తేడా జీవితాలు తేల్చేసే తేడా. అందుకే చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. దీన్ని మోసమనేవాళ్లున్నారు. ఒంగోలు మాదిగ ఆదివారం పని మానితే కామందు శిక్షించాడు. మనవడు తన నమ్మకాన్ని కాగితం మీద రాస్తే ప్రభుత్వం వాటా తీసేస్తుంది. మనసులో ఉన్నది రాయడానికి జరిమానా వేసే చట్టం, ఆ తర్వాత అబద్ధం రాశాడని అతన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ చర్చి నాయకత్వం కూడా ఇక్కడ ఒక ఇరుకులో ఉంది. క్రీస్తులో కులం లేదని వేదిక మీద చెప్పి, క్రైస్తవుల్లోనూ కులం ఉంది కాబట్టి రిజర్వేషన్ ఇవ్వాలని కోర్టులో వాదించాలి. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి చాలామంది పెద్దలు దశాబ్దాలు తటపటాయించారు. ఒప్పుకోవడమే మేలని నేననుకుంటాను. అది తమ లోపల పంక్తి కుదరలేదన్న ఒప్పుకోలు, కుదిర్చే పని అప్పుడే మొదలవుతుంది. ఈ వ్యాజ్యం 2004 నుంచి సుప్రీంకోర్టు ముందు ఉంది. 2022లో కేంద్రం దీనిపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈ వాదాలకు వేదాంతాన్ని సమకూర్చే పని జరగవలసిన చోటు అశోక్‌నగర్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. 1964లో రాజమండ్రిలో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘాలు కలిసి పెట్టుకుని, తర్వాత హైదరాబాద్‌కు తరలించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అది. లోయర్ ట్యాంక్ బండ్ మీద ఉన్న ఆ ఆవరణలో ఇన్ని సంఘాల పాస్టర్లు ఒకే భోజనశాలలో తిని చదువుకుని, పట్టా చేతికొచ్చాక మళ్లీ ఎవరి సంఘానికి వాళ్లు ఎందుకు వెళ్లిపోయారన్నది వచ్చే వారం.